పోటు నీళ్ళు

"సామ్యేలు మేస్త్రీని సైకిలు మీంచి లాగేశావంట," అంది సత్యకుమారి, గరిటె చేత్తో పట్టుకుని, వడ్డించకుండా.

"లాగాను. అన్నం పెడతావా, లేచిపోనా?"

పెట్టింది. చిట్టియ్య పులుసు కలుపుకున్నాడు గాని ముద్ద ఎత్తలేదు. రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడ్డ జనమంతా చూస్తుండగా, తండ్రి వయసున్న మనిషి మెడ పట్టుకున్న చెయ్యి అది. ఇంకా వణుకుతోంది. కోపంతో వణుకుతోందని అతని నమ్మకం. పద్నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషికి ఏది కోపమో ఏది బెదురో తెలియకపోదు. సత్యకుమారి నీళ్ళ చెంబు అతని ముందుకి జరిపింది.

వారం రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా తిన్నది లేదు. పోయిన సోమవారం మధ్యాహ్నం చిట్టియ్య చెల్లెలు బేబీ తన ఇంట్లో గచ్చు మీద కూర్చుని లేసు అల్లుకుంటుంటే, పైన స్లాబు పెచ్చు ఊడి కుడిచేతి మీద పడింది. పెచ్చంటే గోడ సున్నం రాలినట్టు రాలింది కాదు. ఇద్దరు పట్టి ఎత్తాల్సినంత ముక్క. నరసాపురం ఆసుపత్రిలో కట్టు కట్టి, రెండు వేళ్ళు ఇక వంగవని చెప్పి పంపించారు. బేబీ బతుకంతా ఆ వేళ్ళ మీదే ఉంది.

ఇల్లు కట్టి రెండేళ్ళు నిండలేదు. జాషువా మాస్టారి సంఘం కట్టిన ఇల్లు అది. రిటైరైన మాస్టార్లు, సెలవు పెట్టుకొచ్చే గుమాస్తాలు, కాలేజీ పిల్లలు తట్టలు మోసి లేపిన ఇల్లు. వాళ్ళందరిలో తాపీ పని తెలిసినవాడు సామ్యేలొక్కడే. నిడదవోలు నుంచి రైల్లో వచ్చి, రూపాయి కూలి పుచ్చుకోకుండా ఈ పేటలో పదకొండు ఇళ్ళకి స్లాబు వేశాడు. కూలి పుచ్చుకున్నవాడైతే పనితనాన్ని తిట్టేవారు. పుచ్చుకోలేదు కాబట్టి ఇంకేదో పుచ్చుకునే ఉంటాడని పేటంతా ఒక మాట మీదికి వచ్చేసింది. సిమెంటు తినేశాడు అన్నారు.

"అమ్ముకోవడం నువ్వు కళ్ళతో చూశావా?" అని అడిగింది సత్యకుమారి.

"రెండు బస్తాలు సైకిలు మీద ఏసుకుపోతుంటే చూశాను. బేబీ స్లాబు ఏసిన మర్నాడే. అదే చెప్తాను మూడింటికి, మాస్టారి ముందర."

"ఎక్కడికి తీసుకెళ్తన్నావని అడిగావా?"

"దొంగని అడుగుతారేంటే ఎవరన్నా?"

కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు. గుమ్మం దాటబోతూ, మీటింగుకి నువ్వు రావక్కర్లేదన్నాడు. ఆడాళ్ళ ఏడుపులు అక్కడ పనికిరావట. ఎల్లుండి గురువారం తమ స్లాబు కాబట్టి దానికి కావలసింది చూసుకోమన్నాడు.

అతను వెళ్ళాక గుడిసెలో అత్తాకోడళ్ళు మిగిలారు. పెద్దింట్లమ్మ మూలన గోడకి చేరగిలబడి, పాడైన వల విప్పుతూ కూర్చుంది. కూతురి చెయ్యి విరిగిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ వల పని ముట్టుకుంటోందే తప్ప ఒక్క కన్నమూ బాగవలేదు. తాటాకు సందులోంచి వెనకాల కడుతున్న కొత్త ఇంటి గోడలు కనిపిస్తున్నాయి. గోడలు అయిపోయాయి. సెంట్రింగ్ రేకులు పరిచేశారు. మీద ఇనప చువ్వలు కట్టడం సగంలో ఉంది.

"మూసుకుని కూర్చో," అంది పెద్దింట్లమ్మ, తల ఎత్తకుండా.

సత్యకుమారి కంచం తీసి బయటికి నడిచింది. ఆ మాట ఎందుకన్నదో ఆవిడకీ తెలుసు, ఈవిడకీ తెలుసు. ఆ ఇంట్లో ఈ రెండేళ్ళూ వాళ్ళిద్దరి మధ్యా ఆ సంగతి ఒక్కసారి కూడా నోటి వెంట రాలేదు.

సంఘంవాళ్ళ పద్ధతి ఒకటుంది. ఇల్లు కావలసినవాళ్ళు ముందు పక్కవాళ్ళ ఇళ్ళకి అరవై రోజులు పనిచెయ్యాలి. వాటిని బదులు రోజులంటారు. అరవై నిండితేనే పేరు వరుసలోకి ఎక్కుతుంది. బేబీ ఇంటి స్లాబు నాడు సత్యకుమారికి అరవయ్యో రోజు. మే నెలాఖరు. ఆ పని ఆగిందంటే వానలు మొదలవుతాయి, సంఘం మళ్ళీ సంక్రాంతి దాకా రాదు, ఆమె పేరు ఇంకో ఏడాదికి పోతుంది. అప్పటికి తాటాకు కప్పు రెండు చోట్ల దిగిపోయి ఉంది. చంటిదానికి దగ్గు తగ్గడం లేదు. అంతకుముందు వానాకాలం మంచం కింద పడుకోబెట్టి పెంచింది దాన్ని.

కాలవలు కట్టేసిన రోజులవి. పై ఊరి నుంచి ట్రాక్టరు మీద తెచ్చిన ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోయాయి. స్లాబు సగంలో ఆపకూడదు. ఆపితే పాతదీ కొత్తదీ అతుక్కోవు. పైనుంచి సామ్యేలు నీళ్ళు నీళ్ళని కేకలేస్తున్నాడు. నీళ్ళ పని సత్యకుమారిది. ఇక మిగిలింది గోదావరే.

ఆ పేట దగ్గర గోదావరి రోజుకి రెండు రకాలుగా ఉంటుంది. పోటు వస్తే సముద్రం ఎగదన్ని నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆటు తీశాక పైనుంచి మంచినీళ్ళు దిగి నోట్లో పోసుకోవచ్చు. ఆ మార్పుని పేటలో "నీళ్ళు మారాయి" అంటారు. ఎటు మారాయో ఎవరూ విడిగా చెప్పరు. ఒడ్డున పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాలవ నీళ్ళ మీద పెరిగిన సామ్యేలుకి మాత్రం ఆ మాటకి ఒకటే అర్థం తెలుసు. అంతకుముందు రెండు స్లాబులకి ఆటు కోసం కూర్చోబెట్టి, నీళ్ళు మారాయండి అని చెప్పాకే పని మొదలుపెట్టారు. తాగడానికి పనికొచ్చే నీళ్ళే సిమెంటుకీ పనికొస్తాయనీ, ఉప్పు లోపలికెళితే ఇనుముని తినేస్తుందనీ ఆయనే సత్యకుమారికి చెప్పాడు.

ఆ మధ్యాహ్నం సత్యకుమారి రేవులోకి దిగి దోసిలితో నోట్లో పోసుకుంది. ఉప్పు. అప్పుడే పోటు మొదలైంది. ఆటు రావాలంటే చీకటి పడాలి. వెనకే నడుము లోతు నీళ్ళలో నిలబడ్డ పెద్దింట్లమ్మ కూడా పుక్కిలించి ఉమ్మింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పైనుంచి సామ్యేలు, నీళ్ళు మారాయామ్మా అని అడిగాడు.

"మారాయండి," అంది సత్యకుమారి.

అబద్ధం కాదు. నిజంగానే మారాయి. ఆ ఒక్క ముక్క పట్టుకుని రెండేళ్ళు బతికింది ఆమె. అడిగింది చెప్పాను, అంతకంటే ఆయన అడగలేదు, నేను చెప్పలేదు అని ఎన్నిసార్లు అనుకుందో. అలా అనుకున్న ప్రతిసారీ తన మీద తనకే అసహ్యం వేసేది. మళ్ళీ ఇంటి సంగతి గుర్తొచ్చి ఊరుకునేది.

కంచం కడిగి లోపలికొచ్చి అత్తగారి ముందు కూర్చుంది.

"ఆయన్ని దొంగంటన్నారత్తా."

"అననీ. ఆయనకి నిడదవోల్లో ఇల్లుంది, పెన్షనొచ్చే పెళ్ళాం ఉంది. రైలెక్కి పోతాడు. మనం ఎక్కడికి పోతాం?"

"బేబీ నీ కూతురు."

పెద్దింట్లమ్మ చేతిలో వల జారిపోయింది. బయట ఎవరో చేపల బుట్టలు దించుతున్న చప్పుడు వినిపించింది.

"తెలుసు నా కూతురని," అంది. "ఉప్పు నీళ్ళకి ఇల్లు కూలుద్దని నాకు తెల్దు. నీకు తెలుసు. నేను అడగలేదు నిన్ను, ఎందుకడగలేదో అదీ తెల్దు. దాని చెయ్యి ఇరిగింది. నా కొడుక్కి ఇల్లు లేదు. రెండూ నా కడుపే. ఆ చెయ్యి ఎటూ రాదు. ఇల్లన్నా రానీ."

సత్యకుమారి జారిన వల తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

అప్పుడే వెనకవైపు నిచ్చెన చప్పుడైంది. వెళ్ళి చూస్తే సామ్యేలు. కుడి కణత దగ్గర చర్మం లేచిపోయి, మీద పసుపు అద్దుకుని ఉన్నాడు. చొక్కా మెడ దగ్గర చిరిగింది. చేతిలో బైండింగ్ వైరు, కొక్కెం. పొద్దున జరిగిందంతా ఇంకెవరికో జరిగినట్టు, స్లాబు మీదికెక్కి చువ్వలు కట్టడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడెందుకండి ఈ పని," అంది సత్యకుమారి కింద నుంచి.

"మూడింటికి నన్ను పొమ్మంటారమ్మా. పోతే ఇది సగంలో ఉండిపోద్ది. ఇంకెవరొచ్చినా గురువారం పోసుకోడానికి వీలుగా కట్టేసి ఎళ్తాను."

ఆమె నిచ్చెన పట్టుకుని నిలబడింది. కాసేపటికి, రెండు బస్తాలు ఎక్కడికి తీసుకెళ్ళారని అడిగింది. మీటింగులో ఆయన నోటితో ఆయన చెప్పుకోడని ఆమెకి తెలుసు.

సామ్యేలు నవ్వాడు గాని ఆ నవ్వులో సంతోషం లేదు. ఆ బస్తాలు తడిసి గడ్డకట్టాయట. ఎవరైనా దంచి వాడేస్తారేమోనని తీసుకెళ్ళి రైల్వే గేటు దగ్గర గుంటలో పారేశాడట. మాస్టారికి చెబితే పారబోసినందుకు బాధపడతారని చెప్పలేదట. తర్వాత కొక్కెం తిప్పడం ఆపి, చేతుల వైపు చూసుకున్నాడు.

"ముప్పై ఏళ్ళుగా చేస్తన్నానమ్మా. చువ్వ సరిగ్గా కట్టాను, సిమెంటు మాలు సరిగ్గా కలిపాను. వారం రోజులుగా పడుకుంటే అదే. ఎక్కడ తప్పు చేశానో తెలీట్లేదు. ఆ పిల్ల చెయ్యి నావల్లే పోయింది. ఇంకెప్పుడూ తాపీ పట్టను."

నీళ్ళ సంగతి చెప్పెయ్యాలని సత్యకుమారి తల ఎత్తింది. గుమ్మంలో పెద్దింట్లమ్మ నిలబడి చూస్తోంది. మళ్ళీ తల దించుకుంది. ఆయన చివరి చువ్వ కట్టి, దిగి, కాళ్ళు కడుక్కుని మీటింగుకి నడిచాడు. ఆమె నిచ్చెన వదల్లేకపోయింది. అంత సిగ్గు ఆమె జన్మలో ఎప్పుడూ పడలేదు.

మూడింటికి తుఫాను షెల్టరు వరండా నిండిపోయింది. జాషువా మాస్టారు బెంచీ మీద, పక్కన సామ్యేలు నేల మీద. ఎదురుగా పేట మగవాళ్ళు. బేబీని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె మొగుడు వేటకెళ్ళి ఇంకా ఒడ్డుకి రాలేదు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు చూస్తోంది. ఏడవడం లేదు. ఎప్పుడూ గలగలలాడే మనిషి అలా కూర్చోవడం సత్యకుమారి చూడలేకపోయింది. స్తంభం చాటున అత్తగారి పక్కన కూర్చుంది. రావద్దన్న మొగుడు ఆమెని చూసి పళ్ళు కొరికాడు.

చిట్టియ్య తను చూసింది చెప్పాడు. బస్తాలు, సైకిలు, మర్నాడు పొద్దున. ఇంకో ఇద్దరు వంత పాడారు. ఒకడైతే మూడు బస్తాలన్నాడు.

"సామ్యేలూ, నువ్వేమంటావయ్యా?" అన్నారు మాస్టారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. ఇరవయ్యేళ్ళ స్నేహం ఇద్దరిదీ.

"తప్పు నాదేనండి. సిమెంటు తినలేదు. కానీ పని నాది, పడింది నా స్లాబు. మీరు పొమ్మంటే పోతాను."

ఒప్పుకున్నాడు చూశారా అని ఎవరో అన్నారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రేపటి నుంచి నువ్వు పనిలోకి రావద్దు సామ్యేలూ అనబోతున్నారని అందరికీ తెలిసిపోయింది.

పెద్దింట్లమ్మ కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. సత్యకుమారి విడిపించుకుని లేచింది.

"నీళ్ళు మారాయని చెప్పింది నేనండి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. సామ్యేలుకి అసలే అర్థం కాలేదు.

"అవునమ్మా, మీరే చెప్పారు. మారాకే కదా కలిపాం," అన్నాడు.

"ఎటు మారాయో మీరు అడగలేదండి. నేను చెప్పలేదు. పోటు నీళ్ళు. నోట్లో పోసుకుని చూశాను. ఉప్పని తెలిసే పోయించాను."

పేటవాళ్ళకి పోటు నీళ్ళంటే ఏంటో ఒకరు చెప్పక్కర్లేదు. సామ్యేలు మాత్రం ఆ మాటని నోట్లోనే మెల్లగా అనుకుని, తల కిందికి దించుకున్నాడు. కాసేపటికి ఆయన భుజాలు కదలడం కనిపించింది. తప్పు తన చేతిది కాదని తెలిసి ఏడుస్తున్నాడో, ఆ చేతితో ఆ నీళ్ళు కలిపినందుకు ఏడుస్తున్నాడో ఎవరూ అడగలేదు.

"ఎందుకమ్మా?" అన్నారు మాస్టారు.

"నా అరవయ్యో రోజండి."

అంతకంటే ఆమె చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. అక్కడున్న ఆడవాళ్ళలో సగం మంది బదులు రోజులు చేసినవాళ్ళే. ఒక్కరు కూడా ఆమెని తిట్టలేదు. చిట్టియ్య మాత్రం నిలబడ్డచోటే కూలబడ్డాడు. పొద్దున రేవులో పదిమంది ముందు తను చేసిన పని ఇప్పుడు అందరికీ మళ్ళీ గుర్తొస్తోందని అతనికి తెలుసు.

మాస్టారు బెంచీ మీంచి లేచి నిలబడ్డారు. పక్కవాళ్ళ ఇంటికి చేటు చేసిన మనిషికి ఇల్లు కట్టడం సంఘం పద్ధతి కాదన్నారు. కట్టిన గోడలు వదిలెయ్యడం కూడా పద్ధతి కాదన్నారు. బేబీ ఇల్లు నిలబడేది కాదు, ఈ వానాకాలం లోపల దించెయ్యాలి, కొత్తది కట్టాలంటే ఎప్పటికో. చివరికి బేబీ వైపు తిరిగారు.

"చెయ్యి పోయింది నీది, ఇల్లు పోయేదీ నీదేనమ్మా. ఎల్లుండి వీళ్ళ స్లాబు వెయ్యమంటావా, ఆపెయ్యమంటావా? నువ్వేది చెబితే అది చేస్తాను."

బేబీ వదిన వైపు చూసింది. ఇద్దరూ ఒకే దారపుండలోంచి లేసు అల్లినవాళ్ళు. ఒకరి పిల్లలకి ఒకరు అన్నం పెట్టినవాళ్ళు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండుననిపించింది సత్యకుమారికి. కోపం లేదు.

"వెయ్యండి మాస్టారూ," అంది బేబీ. "గురువారమే వెయ్యండి. అందులో మేం ఉంటాం."

ఆ మాటకి అర్థం తెలియడానికి అందరికీ క్షణం పట్టింది. తెలిశాక పెద్దింట్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కూతుర్ని చూసింది, కొడుకుని చూసింది, కళ్ళు మూసుకుంది.

"నా దాంట్లో వదినని ఉండమనట్లేదు," అంది బేబీ మళ్ళీ, గొంతు ఏమాత్రం పెంచకుండా. "అది ఎవరి మీదన్నా పడుద్ది. పడగొట్టెయ్యండి. నాకు ఇద్దరు పిల్లలు మాస్టారూ. ఈ చేత్తో ఇంకో అరవై రోజులు నేను చెయ్యలేను. వదిన చెయ్యగలదు."

చిట్టియ్య లేచాడు. చెల్లెలి చెయ్యి విరిగిందని ఊరంతా తిరిగి మనిషి మీద చెయ్యి చేసుకున్నవాడు, ఇప్పుడు ఆ చెల్లెలి మొహం చూడలేక నేల చూస్తూ మాట్లాడాడు.

"ఆ ఇల్లు ఎవరికీ ఇచ్చేది లేదండి. ఇది తప్పు చేస్తే దీన్ని కొట్టుకోండి, తిట్టుకోండి. ఇల్లు మాత్రం ఇవ్వం. పిల్లదాన్ని ఏసుకుని ఇంకో వానాకాలం ఆ తాటాకు కింద నేనుండను."

బేబీ అన్న వైపు చూసి, చేతిని దిండు మీద సర్దుకుంది.

"స్థలం పట్టా నీ పేరున లేదు చిట్టియ్యా," అన్నారు మాస్టారు. "నీ భార్య పేరున ఉంది. ఇస్తుందో ఇవ్వదో ఆవిడే చెప్పాలి."

అందరి తలలూ సత్యకుమారి వైపు తిరిగాయి. చిట్టియ్య రెండడుగులు వేసి ఆమె దగ్గరికొచ్చి, ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాడు.

"ఊఁ అన్నావంటే నీకూ నాకూ చెల్లు."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఇందాక కంచం ముందు వణికిన చెయ్యి ఇప్పుడు వణకడం లేదు. అతను నిజంగానే అంటున్నాడు.

"చెప్పమ్మా," అన్నారు మాస్టారు.